మిర్రర్‌లెస్ కెమెరాలు, లెన్సులు: ఓరుగల్లు చుట్టుపక్కల సరదాకి ఫోటోలు తీసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఖిలా వరంగల్ తోరణాల దగ్గర కెమెరా మెడలో వేసుకొని కాసేపు నిలబడితే చాలు, ఎవరో ఒకరు వచ్చి "అన్నా, ఇదేం కెమెరా? ఎంతవుతది? నేనేది తీసుకోవాలె?" అని అడుగుతారు. ఫోన్ చేసి అడిగేవాళ్లదీ అదే వరస. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. పెళ్లిళ్లు తీసి బతికేవాళ్ల లెక్కలు వేరు, ఇవి హాబీవాడి అభిప్రాయాలు. నా పక్షపాతం ముందే చెప్పేస్తున్నా: చేతిలో ఉన్న డబ్బులో ఎక్కువ భాగం లెన్స్‌కే పోవాలంటాను.

## కొనే ముందు

మిర్రర్‌లెస్ అంటే అసలేంది? డీఎస్ఎల్ఆర్‌కు దీనికి తేడా ఏంది?

డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ వెనక ఒక అద్దం ఉంటుంది. అది వెలుతురును పైకి మళ్లించి వ్యూఫైండర్‌కు పంపుతుంది. బటన్ నొక్కగానే అద్దం లేస్తుంది, టక్‌మని వినబడే చప్పుడులో సగం దానిదే. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం తీసేశారు. వెలుతురు నేరుగా సెన్సర్ మీద పడుతుంది, సెన్సర్‌కు కనబడిందే వ్యూఫైండర్ లోపలి చిన్న తెర మీద మీకూ కనబడుతుంది. ఫోటో ఎంత వెలుగ్గా, ఏ రంగులో రాబోతోందో నొక్కకముందే తెలిసిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకు మించిన సాయం లేదు.

అద్దానికి చోటు అక్కర్లేదు కాబట్టి లెన్స్ సెన్సర్‌కు దగ్గరగా జరిగింది. కెనాన్ డీఎస్ఎల్ఆర్‌ల ఈఎఫ్ మౌంట్‌లో (మౌంట్ అంటే లెన్స్ బాడీకి బిగిసే చోటు) ఆ దూరం 44 ఎంఎం ఉండేది, మిర్రర్‌లెస్‌ల ఆర్ఎఫ్‌లో 20 ఎంఎం. నికాన్‌లో 46.5 నుంచి 16కు వచ్చింది. 2008లో పానసోనిక్ జీ1తో మొదలైన వరస ఇది. 2013లో సోనీ ఏ7తో పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్‌కు పాకింది. 2018లో కెనాన్, నికాన్ కూడా తమ ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లు దించడంతో డీఎస్ఎల్ఆర్ వైపు కొత్త సరుకు దాదాపు ఆగిపోయింది.

ఇంట్ల పాత డీఎస్ఎల్ఆర్ ఉంది. అమ్మేసి మిర్రర్‌లెస్ తీసుకోవాల్నా?

మంచిగా పనిచేస్తుంటే తొందరేం లేదు. మిర్రర్‌లెస్‌తో కలిసొచ్చేవి కంటి మీద ఫోకస్ పట్టి వదలకపోవడం, చప్పుడు లేకుండా తీయడం, తక్కువ బరువు. ఫోటో నాణ్యత మాత్రం ఒక్కసారిగా పెరగదు. పాత డీఎస్ఎల్ఆర్‌కు 50 ఎంఎం ఎఫ్1.8 లెన్స్ వేసి, పక్కన కొత్త మిర్రర్‌లెస్‌ను కిట్ లెన్స్‌తో (బాడీతో పాటు వచ్చే మామూలు జూమ్) పెట్టి రాత్రిపూట తీసి చూడండి. ఎఫ్ పక్కనున్న అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. ఎఫ్1.8 దగ్గర లోపలికి వచ్చే వెలుతురు ఎఫ్5.6 దగ్గర వచ్చేదానికి దాదాపు పది రెట్లు. ఆ తేడాను కొత్త బాడీ పూడ్చలేదు. ముందు ఆ చిన్న లెన్స్ కొని ఒక పండుగ సీజన్ గడపండి. అప్పటికీ ఫోకస్ తప్పుతూ విసిగిస్తుంటే మారండి.

ఫోనే మంచిగ తీస్తుంది కదా, కెమెరా ఎందుకు?

పట్టపగలు, కదలకుండా నిలబడ్డ మనిషిని తీయడానికైతే అక్కర్లేదు. దూరంగా ఉన్న పిట్ట, పరుగెత్తే పిల్లాడు, మసక వెలుతురులో ముఖం, గోడకు పెద్దగా కట్టించుకునే ప్రింట్, వీటి దగ్గర ఫోన్ తేలిపోతుంది. ఈ నాలుగింటిలో ఒక్కటీ మీకు పట్టకపోతే డబ్బులు దాచుకోండి.

బడ్జెట్ తక్కువ. మొదటి కెమెరా ఏ మోడల్ తీసుకుంటే మంచిది?

మోడల్ పేరు చూసే ముందు వ్యూఫైండర్ ఉందో లేదో చూడండి. మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా ఎండలో వెనక స్క్రీన్ మీద ఏమీ కనబడదు, చెయ్యి అడ్డం పెట్టుకొని తంటాలు పడాలి. సోనీ జడ్‌వీ-ఈ10, నికాన్ జడ్30 వీడియో మనుషుల కోసం చేసినవి, వాటిలో వ్యూఫైండర్ ఉండదు. ఎండలో గుళ్లూ కోటలూ తిరిగేవాళ్లకు అవి చేతికి నచ్చినా కంటికి నచ్చవు.

వ్యూఫైండర్ ఉన్నవాటిలో కెనాన్ ఆర్50, నికాన్ జడ్50 2 (అంటే జడ్50లో రెండో తరం), సోనీ ఏ6400 మొదటి కెమెరాగా ఏది తీసుకున్నా బాధపడరు. ఆర్50 అన్నిటికన్నా తేలిక. జడ్50 2 చేతిలో గట్టిగా కూర్చుంటుంది. ఏ6400 2019 నాటిదే, కానీ దాని ఫోకస్ ఈనాటికీ పరువు నిలుపుతుంది. కెనాన్ ఆర్100 ధర చూసి ఆశపడేవాళ్లు మస్తు మంది. దాని స్క్రీన్ తిరగదు, టచ్ కూడా పనిచేయదు. ఫోన్‌కు అలవాటు పడ్డ వేళ్లకు అది నరకం. ఇంకొంచెం పోగేసి ఆర్50 తీసుకోవడమే మేలు.

ఫుల్ ఫ్రేమ్ అయితేనే ప్రొఫెషనల్ లుక్ వస్తదంట, నిజమేనా?

ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 ఎంఎం. తక్కువ ధర కెమెరాల్లో ఉండే చిన్న సెన్సర్, అంటే ఏపీఎస్‌సీ, సుమారు 23.5×15.6, కెనాన్‌లో ఇంకా కొంచెం చిన్నది. విస్తీర్ణంలో రెండు రెట్ల పైమాటే కాబట్టి మసక వెలుతురులో ఒక స్టాప్‌కు (స్టాప్ అంటే వెలుతురు రెండింతలు) కాస్త మించి లాభం ఉంటుంది, వెనకభాగం కూడా ఎక్కువ మసకబారుతుంది. అయితే ఆ లాభం తగ్గ లెన్స్ వేస్తేనే. ఫుల్ ఫ్రేమ్ బాడీ కొని, డబ్బులు అయిపోయి కిట్ లెన్స్‌తో సరిపెట్టుకున్నవాళ్లను చూశాను. ఏపీఎస్‌సీకి ఎఫ్1.4 లెన్స్ వేసిన పక్కవాడి ఫోటోలు వాళ్లవాటికన్నా బాగొస్తున్నాయి. బాడీకి ఎంత పెడుతున్నారో లెన్సులకూ అంత పెట్టగలిగితేనే ఫుల్ ఫ్రేమ్ జోలికి వెళ్లండి.

24 మెగాపిక్సెల్ సరిపోతదా? 33, 40 ఉన్నవి కూడా వస్తున్నయి కదా?

సరిపోతుంది. 24 మెగాపిక్సెల్ అంటే 6000×4000 చుక్కలు. 12×18 అంగుళాల ప్రింట్‌కు 300 డీపీఐ లెక్కన కావాల్సింది 5400×3600. మన పెళ్లి ఆల్బమ్‌లలో వచ్చే 12×36 షీట్ మొత్తం ఒకే ఫోటోతో నింపినా అంగుళానికి 166 చుక్కలు పడతాయి, చేతిలో పట్టుకొని చూసేవాళ్లెవరూ తేడా కనిపెట్టలేరు. పిట్టల్ని తీసి బాగా కత్తిరించుకునేవాళ్లకు మాత్రం ఎక్కువ పిక్సెళ్లు పనికొస్తాయి.

కెనాన్, నికాన్, సోనీ, ఫ్యూజీ... ఏది బెస్ట్?

ఎవరిని అడిగినా తను కొన్నదే బెస్ట్ అని చెప్తాడు, నేనూ అంతే. కాబట్టి బెస్ట్ సంగతి వదిలేసి తేడాలు చెప్తా. సోనీకి బయటి కంపెనీల లెన్సులు అన్నిటికన్నా ఎక్కువ, సెకండ్ హ్యాండ్ సరుకూ ఎక్కువ, మెనూ మాత్రం చిక్కు. కెనాన్ మెనూ చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది, చర్మం రంగు ముచ్చటగా వస్తుంది. ఆర్ఎఫ్ మౌంట్‌కు ఆటోఫోకస్ లెన్సులు చేసే దారి బయటివాళ్లకు చాలా కాలం మూసే ఉంచారు. 2024లో సిగ్మా, టామ్రాన్‌ల ఏపీఎస్‌సీ లెన్సులకు తలుపు తెరిచాక ఆ లోటు కొంత తీరింది. నికాన్ పట్టు, గట్టిదనం నాకిష్టం. ఏపీఎస్‌సీ కోసం ప్రత్యేకంగా చేసిన సొంత లెన్సులు మాత్రం తక్కువ. ఫ్యూజీ డయల్స్ తిప్పుతుంటే ఫోటో తీయడమే ఒక సరదా. దాని ఫిల్మ్ సిమ్యులేషన్ రంగులు నచ్చితే ఎడిటింగ్ జోలికే పోరు, ధర మాత్రం చురుక్కుమంటుంది.

ఇవన్నీ పక్కన పెట్టి ఒక్క మాట: మీ దోస్తుల దగ్గర ఏ మౌంట్ ఉందో అదే తీసుకోండి. లెన్సులు అరువు దొరుకుతాయి.

బాడీలో స్టెబిలైజేషన్ లేకపోతే నష్టమా?

గుడి లోపల, కదలని శిల్పాన్ని చేత్తో పట్టుకొని తీసేటప్పుడు అది బంగారమే. 1/8 సెకను దగ్గర కూడా ఫోటో చెదరదు. కానీ చాలామంది అనుకునేదేంటంటే అది ఉంటే రాత్రి ఏ ఫోటో అయినా స్పష్టంగా వస్తుందని. మీ చెయ్యి వణుకును ఆపుతుంది, ఎదుటి మనిషి కదలికను ఆపదు. ఆడుతున్న మనుషుల్ని తీయాలంటే షట్టర్ స్పీడే దిక్కు. ఆర్50, జడ్50 2, ఏ6400లో ఇది లేదు. కెనాన్ ఆర్7, సోనీ ఏ6700, ఫ్యూజీ ఎక్స్-ఎస్20లో ఉంది.

సెకండ్ హ్యాండ్ కెమెరా తీసుకుంటే మోసపోతానా?

చూసి తీసుకుంటే మోసపోరు. నేనైతే సెకండ్ హ్యాండ్ లెన్స్ కళ్లు మూసుకొని కాదుగానీ నిశ్చింతగా కొంటా, బాడీకి మాత్రం జర జాగ్రత్త పడతా. ఎఫ్16 పెట్టి తెల్ల గోడను ఫోటో తీయండి, సెన్సర్ మీది మచ్చలన్నీ బయటపడతాయి. లెన్స్ వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు వైపు నుంచి చూడండి. సాలెగూడు లాంటి సన్నని పోగులు కనబడితే ఫంగస్, వెంటనే తిరిగిచ్చేయండి. ప్రతి బటన్ నొక్కండి, కార్డు పెట్టి వీడియో తీయండి, బిల్లు మీది సీరియల్ నంబర్ బాడీ మీదిదీ ఒకటేనా చూడండి.

ఒక హెచ్చరిక. కెనాన్ ఎం50 చవగ్గా దొరుకుతుంది, ఫోటోలూ బాగొస్తాయి, కానీ అది ఈఎఫ్-ఎం మౌంట్. దానికి కొత్త లెన్సులు రావు, దాని లెన్సులు ఇప్పటి ఆర్ఎఫ్ బాడీలకు పట్టవు. ఒకటి రెండు లెన్సులతో ఆగిపోయేవాళ్లయితే తీసుకోండి.

"ఇంపోర్టెడ్ పీస్" అని తక్కువకి ఇస్తున్నరు. తీసుకోవచ్చా?

వద్దు. ఇండియా వారంటీ కార్డు, జీఎస్టీ బిల్లు లేని కెమెరా పాడైతే సర్వీస్ ఖర్చంతా మీదే. అమ్మేటప్పుడు కూడా "బిల్లేది?" అన్న ప్రశ్న దగ్గర ధర పడిపోతుంది.

## లెన్సుల సంగతి

కిట్ లెన్స్ పనికిరాదంటరు, నిజమా?

పగటిపూట నిక్షేపంగా పనికొస్తుంది. లక్నవరం చెరువు, వేలాడే వంతెన, కొండలు ఎఫ్8 దగ్గర తీస్తే ఏ లెన్సుతో తీశారో ఎవరూ చెప్పలేరు. పొద్దు వాలితేనే దాని కథ అయిపోతుంది. జూమ్ చేసిన కొద్దీ దాని అపర్చర్ (వెలుతురు వచ్చే కన్నం) ఎఫ్5.6, ఎఫ్6.3 దాకా చిన్నదవుతుంది, కెమెరా ఐఎస్ఓ (వచ్చిన కాస్త వెలుతురునే పెంచి చూపే అంకె) పెంచుకుంటూ పోతుంది.

రెండో లెన్స్‌గా 35 తీసుకోవాల్నా, 50 తీసుకోవాల్నా?

ఏపీఎస్‌సీ బాడీ మీద 50 ఎంఎం అంటే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో చూపు 75 ఎంఎంది, కెనాన్‌లో 80. ఒక్క మనిషి ముఖం తీయడానికి అద్భుతం, అందరూ కొనేది అందుకే. మన ఇళ్ల హాల్లో బారసాల ఫోటో తీయబోతే మాత్రం వెనక్కి జరిగి జరిగి గోడకు ఆనుకుంటారు, అయినా అమ్మమ్మ ఫ్రేమ్ బయటే ఉంటుంది. ఇంట్లో, వాడలో, బజార్లో తీసేవాళ్లు 28 నుంచి 35 మధ్యలో తీసుకోవాలి. సిగ్మా 30 ఎంఎం ఎఫ్1.4 సోనీకీ కెనాన్‌కూ నికాన్‌కూ ఫ్యూజీకీ వస్తుంది. ఒక్కటే లెన్స్ కొనే స్తోమత ఉంటే నేను చూపించేది దాన్నే.

రెండు మూడు లెన్సులు మోయలేను. ఒక్క జూమ్‌తో పని కావాలె.

సిగ్మా 18-50 ఎఫ్2.8. మొత్తం జూమ్‌లో ఎఫ్2.8 నిలుస్తుంది, బరువు దాదాపు 300 గ్రాములే. ఇందులో స్టెబిలైజేషన్ లేదు. అది కావాలంటే, సోనీ, ఫ్యూజీ వాళ్లకు టామ్రాన్ 17-70 ఎఫ్2.8 ఉంది, అర కిలో పైన తూగుతుంది. పెళ్లికి చుట్టంగా వెళ్లి ఫోటోలు కూడా తీద్దామనుకునేవాళ్లకు టామ్రాన్, బైక్ మీద ఊర్లు తిరిగేవాళ్లకు సిగ్మా.

నాన్న వాడిన పాత లెన్సులు కొత్త కెమెరాకు పడతాయా?

కెనాన్ ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులు కంపెనీ అడాప్టర్‌తో ఆర్ఎఫ్ బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా చక్కగా పనిచేస్తాయి. నికాన్‌లోనే మెలిక. పాత లెన్సులను జడ్ బాడీలకు కలిపే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఫోకస్ తిప్పే మోటారు లేదు. అందుకే ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ లెన్సులకు ఆటోఫోకస్ వస్తుంది, పాత 50 ఎంఎం 1.8డీ లాంటివాటికి రాదు, చేత్తో తిప్పుకోవాలి. ఫిల్మ్ కాలం నాటి మాన్యువల్ లెన్సులు వందల రూపాయల అడాప్టర్‌తో పట్టేస్తాయి. ఫోకస్ పడ్డ అంచులకు ఎరుపో పసుపో రంగు పూసి చూపించే ఫోకస్ పీకింగ్ ఉంటుంది కాబట్టి డీఎస్ఎల్ఆర్ కన్నా దీని మీదే వాటిని వాడటం తేలిక.

రామప్ప గుడికి పోతున్న, ఏ లెన్స్ పట్టుకపోవాలె?

అందరూ వైడ్ (వెడల్పుగా చూపే) లెన్స్ అంటారు, నేను ముందు టెలీ (దూరాన్ని దగ్గరగా చూపేది) అంటాను. 1213 నాటి శాసనం ఉన్న ఈ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు. దూరం నుంచి గుడి మొత్తాన్ని ఖాళీగా తీయడం కష్టం. అసలు పని చూరు కింద ఉంది. ఎర్రటి ఇసుకరాతి గుడికి నల్లరాతి మదనికలు బయటికి వాలి నిలబడి ఉంటాయి. కింద నిలబడి వైడ్‌తో పైకెత్తి తీస్తే కాళ్లు పెద్దగా, తల చిన్నగా వచ్చి ఆ నడుము ఒంపు మొత్తం పాడవుతుంది. వెనక్కి జరిగి 55-210, 70-300 లాంటి లెన్స్‌తో తీస్తే శిల్పి చెక్కిన కొలతలు అలాగే వస్తాయి.

ఎక్స్‌పోజర్ దగ్గర ఇంకో చిక్కు. నల్లరాయి, వెనక తెల్లటి ఆకాశం. కెమెరా ఆకాశాన్ని చూసి బొమ్మను నల్లటి నీడగా మార్చేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ఒకటి నుంచి ఒకటిన్నర ప్లస్‌లో పెట్టండి. నున్నగా మెరుగు పెట్టిన రాయి కాబట్టి పక్క నుంచి వెలుతురు పడితే మోకాలి మీద, భుజం మీద సన్నని మెరుపు గీత వస్తుంది, మెడలోని హారం పూసలు విడివిడిగా కనబడతాయి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు చూరు నీడలో అదేం ఉండదు. గుడి తూర్పు ముఖం కాబట్టి పొద్దున్నే వెళ్లండి.

లోపల రంగమండపం స్తంభాలకు, కప్పుకు మాత్రం 16 ఎంఎం ఎఫ్1.4 లాంటి వెడల్పు లెన్స్ ఉంటే ఆనందం. లేకపోతే కిట్ లెన్స్‌నే 16 లేదా 18 దగ్గర పెట్టి, స్తంభానికి భుజం ఆనించకుండా, మోచేతులు పక్కటెముకలకు నొక్కుకొని తీయండి.

వైడ్ లెన్స్ కొంటే కోట తోరణం మొత్తం వస్తదా?

వస్తుంది, కానీ చిన్నగా, వంగిపోయి వస్తుంది. కెమెరాను పైకెత్తితే రెండు స్తంభాలూ లోపలికి వాలినట్టు పడతాయి. కెమెరాను నిటారుగా పట్టుకొని, కింద నేల ఎక్కువ వచ్చినా పర్వాలేదనుకొని తీసి, తర్వాత కత్తిరించుకోండి. చోటు బాగానే ఉంది కదా, వెనక్కి నడవండి. కీర్తి తోరణానికి కిట్ లెన్స్ చాలు.

పాకాల, కవ్వాల్‌లో పిట్టల్ని తీయాలని ఉంది. ఎన్ని ఎంఎం కావాలె?

400 కన్నా తక్కువైతే నిరాశే. కెనాన్ ఆర్ఎఫ్ 100-400 బరువు 635 గ్రాములు, ఏపీఎస్‌సీ మీద 640 ఎంఎం చూపు. చివర్లో ఎఫ్8 కాబట్టి అడవి నీడలో ఐఎస్ఓ బాగా ఎక్కుతుంది, చెరువు గట్టు మీద ఎండలో మాత్రం దానికి తిరుగులేదు. సోనీ 200-600 ఫలితం గొప్పగా ఉంటుంది, బరువు రెండు కిలోల పైన. పాకాల కట్ట మీద పొద్దున్నుంచి దాన్ని చేత్తో ఎత్తి పట్టుకుంటే మధ్యాహ్నానికి భుజం లేవదు, మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) తప్పదు. షట్టర్ 1/1600 దగ్గర మొదలుపెట్టండి, కెమెరాలో బర్డ్ డిటెక్షన్ ఉంటే ఆన్ చేయండి.

బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద రాబందుల గూళ్ల గురించి విని లెన్స్ సంకలో పెట్టుకొని బయల్దేరేవాళ్లున్నారు. అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లొద్దు, గూళ్ల దగ్గరికి అసలే వెళ్లొద్దు. పిట్ట బెదిరితే పిల్ల చస్తుంది, ఏ ఫోటో దానికి సాటి రాదు.

## బయటికి వెళ్లి తీసేటప్పుడు

సద్దుల బతుకమ్మ రాత్రి ఫోటోలు అన్నీ మసకమసకగా వస్తున్నయి. ఏం చేయాలె?

కిట్ లెన్స్ ఇంట్లో పెట్టి ఎఫ్1.8 గానీ ఎఫ్1.4 గానీ వేసుకెళ్లండి. షట్టర్ 1/200, ఐఎస్ఓ ఆటోలో 6400 దాకా వదలండి. నాయిస్‌ను (ఐఎస్ఓ పెరిగితే వచ్చే గరుకు చుక్కల్ని) సాఫ్ట్‌వేర్ తగ్గిస్తుంది, చెదిరిన ముఖాన్ని ఎవరూ బాగుచేయలేరు. లైట్ల వల్ల చారలు కనబడితే 1/100కు దించి, ఆడవాళ్లు వంగి చప్పట్లు కొట్టే క్షణం కోసం ఆగండి. చేతులు కలిసే ఆ లిప్తలో ఒళ్లంతా ఒక్కసారి ఆగినట్టుంటుంది, రెండు అడుగుల మధ్య కదలికలో తీసినదానికీ ఆ క్షణాన తీసినదానికీ ఎంత తేడానో తెరమీదే తెలుస్తుంది. పాట లయ చెవిలో పడితే ఎప్పుడు నొక్కాలో వేలికే తెలిసిపోతుంది.

బతుకమ్మను దగ్గరగా తీసేటప్పుడు గునుగుతో జాగ్రత్త. తంగేడు పసుపు ఎలా తీసినా పసుపుగానే వస్తుంది. గునుగు కంకి తెల్లగా, కొన దగ్గర లేత గులాబీగా, పొరలు పొరలుగా ఉంటుంది. దాని మీద ఫోకస్ లైటు పడిందంటే ఫోటోలో సున్నం ముద్దే. తీసిన ఫోటోలో తెల్లభాగాలు మిణుకుమిణుకుమని మెరిసే హైలైట్ హెచ్చరిక ఆన్ చేసుకొని, మెరిస్తే ఎక్స్‌పోజర్ రెండు మూడు క్లిక్కులు తగ్గించండి. రంగు అద్దిన గునుగు తీసేటప్పుడు ఆటో వైట్ బ్యాలెన్స్ ఫోటోకొకలా మారుతుంది, ఒక విలువ దగ్గర కట్టేయండి. దీపాల వెలుగే వాడుతుంటే ఆ నారింజ ఛాయను పూర్తిగా తీసేయకండి, ట్యూబ్‌లైట్ కింద తీసినట్టవుతుంది.

ఫోటోల్లో అడ్డంగా నల్ల చారలు వస్తున్నయి. కెమెరా పాడైందా?

లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు వెలిగి ఆరుతుంటాయి. సైలెంట్ మోడ్‌లో, అంటే ఎలక్ట్రానిక్ షట్టర్‌లో, సెన్సర్ పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కొక్కటిగా చదువుతుంది. లైటు ఆరినప్పుడు చదివిన వరసలు నల్లగా పడతాయి. సైలెంట్ మోడ్ తీసేయండి, షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి, యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. డీజే స్టేజీ ఎల్ఈడీ తెరల లెక్క వేరుగా ఉంటుంది, అక్కడ 1/100 కూడా ఒక్కోసారి పనిచేయదు. సోనీ జడ్‌వీ-ఈ10 2లో మెకానికల్ షట్టరే లేదు, రాత్రి ఫంక్షన్లు ఎక్కువగా తీసేవాళ్లు కొనేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

బొగత జలపాతం నీళ్లు పాలలాగ రావాలంటే ఎట్ల?

షట్టర్ అర సెకను దగ్గర పెట్టాలి. పగటిపూట అలా పెడితే ఫోటో తెల్లగా పోతుంది కాబట్టి లెన్స్ ముందు వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ కావాలి. ఆరు స్టాపులది, అంటే ఎన్‌డీ64 సరిపోతుంది. వానాకాలంలో నీళ్లు మట్టి రంగులో దూకుతున్నప్పుడు పాలలాగా చేస్తే టీలాగా ఉంటుంది, అప్పుడు 1/1000 పెట్టి ఆ విసురును పట్టుకోవడమే బాగుంటుంది. సీపీఎల్ ఫిల్టర్ వేసి తిప్పితే తడి బండల మీది మెరుపు పోయి ఆకుల పచ్చదనం తేలుతుంది. మెత్తటి బట్ట జేబులో ఉండాలి, ప్రతి రెండు ఫోటోలకూ తుంపర తుడవాలి.

ఎండాకాలంలో వీడియో తీస్తుంటే కెమెరా బంద్ అయితుంది.

కెమెరాల పుస్తకాల్లో పనిచేసే ఉష్ణోగ్రత సున్నా నుంచి 40 డిగ్రీల దాకా అనే ఉంటుంది. రామగుండంలో మే నెలలో 45 దాటే రోజులుంటాయి, దాని తప్పేం లేదు. స్క్రీన్‌ను బాడీ నుంచి బయటికి తిప్పి పెట్టండి, 4కె అవసరం లేనిచోట ఫుల్ హెచ్‌డీలో తీయండి, మధ్యలో నీడకు పోండి. కారు డ్యాష్‌బోర్డు మీద ఎప్పుడూ వదలొద్దు.

ఒక్క బ్యాటరీతో రోజంతా గడుస్తదా?

గడవదు. తెర ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కదా. సోనీ పాత ఎన్‌పీ-ఎఫ్‌డబ్ల్యూ50 1020 ఎంఏహెచ్, కొత్త ఎఫ్‌జడ్100 2280. సోనీలో బాడీ ఎంచుకునేటప్పుడు ఇది కూడా చూసుకోండి. ఏదైనా సరే జాతరకు వెళ్లేటప్పుడు జేబులో ఇంకొకటి ఉండాలి.

మెమరీ కార్డు ఖరీదైనదే తీసుకోవాల్నా?

వీ30 అని రాసి ఉన్నది చాలు. అంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాస్తుంది. మామూలు 4కె వీడియో 100 మెగాబిట్స్, అంటే సెకనుకు 12.5 మెగాబైట్లే. వీ60, వీ90 పిట్టల్ని దడదడా తీసేవాళ్లకు. నకిలీ కార్డులు మస్తు తిరుగుతున్నాయి, బిల్లిచ్చే చోటే కొనండి.

రా తీయాల్నా, జేపెగ్ తీయాల్నా?

ఎడిట్ చేసే ఓపిక ఉంటే రా, అంటే సెన్సర్ పట్టినదాన్ని ఉన్నదున్నట్టు దాచే ఫైలు. లేకపోతే కెమెరాయే తయారుచేసి ఇచ్చే జేపెగ్, సిగ్గుపడాల్సిన పనేం లేదు. రాత్రి ఫోటోలకు, నల్లరాయి, తెల్లాకాశం కలిసినచోట రెండూ కలిపి తీయండి.

వేయిస్తంభాల గుడిలో ట్రైపాడ్ పెట్టనిస్తరా?

అది పురావస్తు శాఖ వాళ్ల రక్షణలో ఉన్న కట్టడం. చేత్తో తీసుకోవచ్చు, ట్రైపాడ్‌కు ముందే అనుమతి తీసుకోవాలి. గర్భగుడిలో కెమెరా ఎత్తొద్దు. కాపలావాళ్లతో వాదనకు దిగేవాళ్ల వల్లే మిగతావాళ్లకూ ఇబ్బంది.

పాత ఫ్లాష్ ఉంది, కొత్త కెమెరాకు పెడితే వెలగట్లేదు.

ఆర్50 అయితే వెలగదు. దాని పైనుండే షూలో (ఫ్లాష్ బిగించే గాడిలో) పాత ఫ్లాష్‌కు కావాల్సిన కాంటాక్టులు లేవు, ఏడీ-ఈ1 అనే అడాప్టర్ కొనాలి. వెలిగాక ముఖం మీదికి కొట్టకండి, తెల్ల స్లాబు వైపు తిప్పి కొట్టండి.

జాతరలో మనుషుల ఫోటోలు అడగకుండ తీయొచ్చా?

గుంపును తీయొచ్చు, ఒక మనిషి ముఖంలోకి లెన్స్ పెట్టేటప్పుడు కళ్లతోనైనా అడగండి. మేడారంలో పూనకం వచ్చినవాళ్లను, జంపన్న వాగులో స్నానం చేసేవాళ్లను దగ్గరగా తీయడం నాకు నచ్చదు. కేస్లాపూర్ నాగోబా దగ్గర మెస్రం వంశం పెద్దల్ని అడిగి, వాళ్లు వద్దన్నచోట కెమెరా దించండి.

## కాపాడుకోవడం

లెన్స్‌లో ఫంగస్ రాకుండ ఏం చేయాలె?

వానాకాలం రాకముందే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, చిన్న హైగ్రోమీటర్ కొనండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. జెల్ రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. బీరువాలో బట్టల మధ్య, కలరా ఉండల పక్కన పెట్టేవాళ్లున్నారు, ఆ ఆవిరి కెమెరాకు మంచిది కాదని కంపెనీలే చెప్తాయి. తోలు సంచి తేమను పీల్చి పట్టుకుంటుంది, దాన్ని ప్రయాణానికే వాడండి. అన్నిటికన్నా మంచి మందు, వారానికోసారి బయటికి తీసి నాలుగు ఫోటోలు తీయడం.

మేడారం పోయొచ్చినంక ప్రతి ఫోటోలో మచ్చలు వస్తున్నయి.

సెన్సర్ మీద దుమ్ము. మిర్రర్‌లెస్‌లో లెన్స్ తీయగానే చాలా బాడీల్లో సెన్సర్ తెరుచుకునే ఉంటుంది, అడ్డు ఏమీ ఉండదు. మొదట మెనూలోని సెన్సర్ క్లీనింగ్ నడపండి. పోకపోతే కెమెరాను బోర్లా పట్టుకొని రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టండి. నోటితో ఊదితే తుంపర పడి మచ్చ మరక అవుతుంది. అప్పటికీ పోకపోతే సర్వీస్‌కు ఇవ్వండి. వచ్చే జాతరకు ఒక్క జూమ్ లెన్స్ వేసుకొని వెళ్లి, ఇంటికొచ్చేదాకా దాన్ని విప్పకండి.

వానలో తీయొచ్చా?

వెదర్ సీలింగ్ బాడీకీ లెన్స్‌కూ రెండింటికీ ఉంటే చినుకుల్లో తీయొచ్చు. తక్కువ ధర బాడీలకు సాధారణంగా ఉండదు. వాటికి షవర్ క్యాప్ చాలు, క్యాప్‌కు కన్నం చేసి లెన్స్ హుడ్ ముందు నుంచి తొడగండి. చల్లటి ఏసీ గదిలోంచి వాన తేమలోకి తెచ్చినప్పుడు లెన్స్ ఆవిరి పడుతుంది, సంచిలోనే కాసేపు ఉంచి తీయండి.

ఫోటోలు ఎక్కడ దాచుకోవాలె? ఫోన్ నిండిపోయింది.

రెండు హార్డ్‌డిస్కులు కొని, రెండింటిలోనూ అవే ఫోటోలు పెట్టి, ఒకటి ఇంట్లో, ఒకటి ఊళ్లో అన్నదమ్ముల ఇంట్లో ఉంచండి. తేదీ, ఊరు పేరుతో ఫోల్డర్లు చేసుకుంటే వెతుక్కోవడం తేలిక. కార్డులోంచి రెండు చోట్లా ఎక్కాయో లేదో తెరిచి చూశాకే ఫార్మాట్ కొట్టండి, అదీ కంప్యూటర్‌లో కాకుండా కెమెరాలోనే.